జానెడు సంచి

అవెన్యూ రోడ్డులో మూడో దుకాణం దగ్గర
మళ్ళీ అదే ప్రశ్న:
"ఏం పెట్టుకుంటారు మేడం ఇందులో?"
డిస్కు తీసి చూపించాను.
"ఓ, ప్లేట్లా! ఎంతమందికి టిఫిను?"

వీపుకు తగిలించుకునేవి దించాడు.
గొడుక్కో గది, సీసాకో గది,
ఇరవై డిస్కులు మింగి
ఇంకా ఆకలనే సంచులు.
నాకొద్దు.
పోయిన కార్తీకం నుంచీ ఎడమ భుజం పట్టేసి ఉంది.
జడ వేసుకోవాలంటే చెయ్యి ఊరంతా తిరిగి రావాలి.
కిలో దాటితే నా దగ్గరికి రావద్దంది డాక్టరు.
ఒక్కో డిస్కు నూటడెబ్బై గ్రాములు.
అయిదు చాలు.
మిగతా తొమ్మిదింటిని
మంచం కింద పడుకోమని చెప్పి వచ్చాను.

కాలేజీ పిల్లల సంచిలో వేసి చూస్తే
తాగి పడ్డట్టు అడ్డంగా ఒరిగాయి.
కెమెరా సంచికి గోడలు మెత్తన, ధర గట్టి.
కండక్టరు తోలుసంచి ఒకటి కనిపించింది పాతసామాన్లలో,
చిల్లర మోసిన వాసనతో.
మనసుపడ్డాను.
మూతి నాలుగువేళ్ళు తక్కువ.

చిక్కపేట వెనక, మెట్ల కింద మూడడుగుల చోటులో
మిషను, మనిషి, ఒక స్టూలు.
నా ఫోను మాటలు విని తలెత్తాడు దస్తగిరి.
"యా ఊరమ్మా మీది?"
హిందూపురమన్నాను.
"మాది కదిరి," అన్నాడు,
అంతటితో స్టూలు నాదయింది.

టేపు ముట్టుకోలేదాయన.
డిస్కు మీద చెయ్యి పరిచాడు, బొటనవేలి నుంచి చిటికెనవేలికి.
"జానెడు.
పొట్టా ఇంతే గదమ్మా,
దీనికే ఇంత తిరుగులాట."

ఇది డ్రైవర్, దూరం పోతుందన్నాను.
"బండి యాడుంది మరి?"
ఇది పట్టర్, దగ్గర్నుంచి గొలుసుల్లోకి వెయ్యాలి.
యలహంక అవతల నీలగిరి తోపులో
వెల్డింగు ఓబులేశు పాత సైకిలు చైన్లు వేలాడగట్టి
బుట్టలు చేసిపెట్టాడు మాకు.
తగిలితే ఝల్లుమంటాయి.
ఆ చప్పుడుకే నా ఆదివారాలు ఖర్చవుతున్నాయి.
"గెలిస్తే దుడ్లిస్తారా?"
ఎవరూ ఇవ్వరు.
"మంచిది," అన్నాడు.
ఎందుకు మంచిదో చెప్పలేదు.

"ఒకసారి ఇయ్యమ్మా," అని
నారింజరంగుది అందుకున్నాడు.
లేచి, సందు చివరికంటా చూసి,
దోసె తిప్పినట్టు మణికట్టు తిప్పాడు.

సైకిలు మీంచి,
మూట మోస్తున్న హమాలీ తల మీంచి,
కరెంటు తీగల మీంచి,
నా చేతిలో ఎన్నడూ పోనంత దూరం పోయి
అలవాటుగా ఎడమకు వాలి
కాగితాల గోడౌను మీది నీలం టార్పాలిన్‌లో
కూర్చుంది.

కాసేపు మిషన్లు కూడా ఆగాయి.
మూట కిందనుంచి హమాలీ అన్నాడు:
"హోయ్తు."

డిస్కు ఖరీదు ఆయనడిగాడు, నేను చెప్పలేదు.
కుట్టుకూలి నేనడిగాను, ఆయన చెప్పలేదు.
నూటయాభై దగ్గర ఇద్దరం ఓడిపోయాం.

లారీ కాన్వాసు సంచి, ఖాకీ.
కారు సీటుబెల్టు పట్టీ, భుజాన్ని కొరకదు.
లోపల అస్తరు మాత్రం
ఎవరి జాకెట్లో మిగిలిన గులాబీపూల ముక్క.
"నాలుగే ఉన్నాయి గదా, అయిదింటికి కుట్టావెందుకు?"
"వస్తాదిలేమ్మా.
గాలికి బుద్ధి పుట్టాల గానీ."

రాలేదింకా.
రెండు వానలు పడ్డాయి.
ఆ కప్పు మీద ఏ కాకికో
అదిప్పుడు నీళ్ళగిన్నె అయి ఉంటుంది.

ఆ ఖాళీలో ఉడికించిన వేరుశనగల పొట్లం పెట్టుకుంటున్నాను.
ఆరో బుట్ట దగ్గర, ఎదురుగాలిలో,
దూరందాని కోసం చెయ్యి పెడితే
కాయలు తగుల్తాయి.
నిలబడి నాలుగు ఒలుచుకు తింటాను.
వెనకనుంచి గ్రేసీ కేకేస్తుంది, తొందరగా కానీ అని.
తడిచేతిని చీరకొంగుకు తుడుచుకొని
పట్టరే తీసి
దోసె తిప్పినట్టు తిప్పుతాను.